ముప్పై మీటర్లు, ఇసకపల్లి

బంతి గుండ్రంగా లేదు.
దోసకాయకి గాలి కొట్టినట్టుంది.
నెల్లూరు నించి మూడొచ్చాయి గోనెసంచిలో.
ఆస్ట్రేలియా వాళ్ళ ఆటంట.
పట్టుకుని ఉరకొచ్చు, తన్నొచ్చు,
పదిహేను మీటర్లకోసారి మాత్రం నేలకి కొట్టి
మళ్ళీ అందుకోవాలంట.
ఎటు లేస్తుందో ఆ బంతికే తెలీదు.
మా పిల్లకాయలు ఒక్క సాయంత్రంలో మరిగారు.

శిక్షణ శిబిరంలో ఒకాయన చెప్పాడు,
నల్ల కళ్ళద్దాలు తియ్యకుండానే:
"దమ్ము పెంచొచ్చు టీచరమ్మా, కండ పెంచొచ్చు.
వేగం మాత్రం తల్లి కడుపులోనే తూచి ఇస్తారు.
ఉరికేవాణ్ణి వెతుక్కో,
ఉరకలేనోడికి నేర్పబాక."
నేను టీ తాగతా తలూపాను.
తలూపినందుకు నా మీద నాకే కోపమొచ్చి
అల్లూరులో బస్సు దిగి
గీతల నోటుబుక్కు ఒకటి కొన్నాను.

ఎండిన ఉప్పుమడి. టేపు పెట్టి ముప్పై మీటర్లు.
అటు చివర ఇటుకరాయి, ఇటు చివర నా చెప్పు.
పెంచలి: నాలుగు పాయింట్ ఏడు.
ఆ పిల్ల పరిగెత్తదు, నేలే వెనక్కి జారిపోద్ది.
ఏకొల్లు సుబ్రమణి: ఐదు పాయింట్ ఎనిమిది.
వెనకనించి లెక్కేస్తే వాడే మొదట.

జనవరి నించి ఏప్రిల్ దాకా
గట్టెక్కి దిగడం, నడుముకి తాడు కట్టి
అర బస్తా ఉప్పు ఈడవడం,
ఒంటికాలి గెంతులు,
పది అడుగులు ఉరికి, ఊపిరంతా తిరిగొచ్చేదాకా
ఊరికే నిలబడటం.
నిలబడటమే వాళ్ళకి కష్టమయింది.
"నేలని తొక్కబాకండిరా,
నేల కాలతా ఉందనుకోండి" అని అరిచేదాన్ని.
మధ్యాన్నమైతే అనుకోవాల్సిన పనే లేదు.

పెంచలి: నాలుగు ఏడు. నాలుగు ఆరు. మళ్ళీ నాలుగు ఏడు.
సుబ్రమణి: ఐదున్నర.

మూడు పదోవంతులు.
రెప్ప వేసి తీసేంత.
మూరల్లో కొలిస్తే మాత్రం నాలుగు మూరలు.
వంకర బంతికీ చాచిన చేతికీ మధ్య
నాలుగు మూరలు తక్కువేం కాదు.
జిల్లా పోటీల్లో మూడేళ్ళూ నాలుగోదాన్ని నేను.
ఒక్క మూర చాలేది నాకు.

కానీ ఈ నాలుగు నెలల్లో
వాడు రెండంగుళాలు పెరిగాడు కూడా.
నేర్పింది నేనా, వయసా?
నోటుబుక్కులో ఆ గడి లేదు.

మే మొదటివారం, వేళగాని మబ్బు.
సముద్రం వైపు నల్లగా లేచి
మడులమీద నీడ పడింది.
పోగేసిన ఉప్పు, కప్పని ఉప్పు, ఆరువారాల ఉప్పు.
"తాటాకులు! తాటాకులు!"
ఎవరు ముందు అరిచారో తెలీదు.
బంతి అక్కడే వదిలేసి
పిల్లకాయలందరూ గట్టుమీద పడ్డారు.
సుబ్రమణి, వాడి వెనకే వాళ్ళమ్మ చెంచమ్మ,
చీర మోకాళ్ళదాకా దోపి.
అలవాటుకొద్దీ వాచీ నొక్కాను.
తొమ్మిది పాయింట్ రెండు అని చూపించింది.
ఎక్కణ్ణించి ఎక్కడికో ఎవరు కొలిచారు?

నాలుగు చినుకులు రాల్చి మబ్బు
కావలి వైపు పోయింది.
జనం నవ్వుకుంటా తిట్టుకుంటా కూలబడ్డారు.

పొద్దున్నే టేపు తీసుకుని పోయాను.
మెత్తటి మడి ఒకటి, వాళ్ళు అడ్డంగా దాటింది,
అడుగులన్నీ దాచిపెట్టింది.
వంగి కొలిచాను, దొంగతనంగా.
నా ముందు ఉరికేటప్పుడు వాడి అంగ
మీటరు ముప్పై ఐదు.
ఇక్కడ మీటరు యాభై ఎనిమిది.
పక్కనే ఇంకో వరస,
ఉప్పుకి మడమలు పగిలిన పాదాలు.
మీటరు నలభై.
ఆమెకి ఏ టీచరమ్మ నేర్పింది?

అయితే ఆ కళ్ళద్దాలాయన చెప్పింది నిజమా,
లోపల ఉండేదే ఉంటాదా?
లేక నేను ఈడిపించిన అర బస్తా
ఆ ఇరవైమూడు సెంటీమీటర్లలో ఎక్కడన్నా ఉందా?
పెన్ను తీశాను. ఏ గడిలో రాయాలో తెలీక
మూత పెట్టేశాను.

సోమవారం మళ్ళీ ఇటుకరాయి, మళ్ళీ చెప్పు.
ఆకాశం గాజులాగా ఉంది, ఒక్క మబ్బు లేదు.
సుబ్రమణి: ఐదున్నర.
"ఎంత మేడం?" అన్నాడు రొప్పతా.
"బాగుంది, ఇంకోసారి" అన్నాను.
ఆ మెత్తటి మడిలో అప్పటికే
వాడి మడమ గుంటల చుట్టూ
ఉప్పు పేరుకుంటా ఉంది.